ఉన్ని తొడుగులు

పోయిన వారం నేను తలుపు తీయలేదని రాసింది చదివి మీలో సగంమంది నన్ను తిట్టుకునే ఉంటారు. ఇక్కడ లత్వియాలో, మా సిగుల్దలో సగం కాదు, ఊరు ఊరంతా తిట్టింది. పదకొండేళ్ల తర్వాత ఓ మనిషి ఆదివారం మధ్యాహ్నం మూడు తెల్ల తులిప్ పూలు పట్టుకుని వచ్చి, మంచులో నిలబడి తలుపు తడితే, నేను లోపల కర్టెన్ లాగేసి కుర్చీలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అతను ముప్పావుగంట నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు పూలు గడప మీద పెట్టి వెళ్లాడు. నేను తలుపు తీసేసరికి అవి చలికి బిగుసుకుపోయి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ మనిషి పేరు గుందార్స్. స్కెలిటన్ బళ్లు తయారుచేస్తాడు. తల ముందుకు పెట్టి బోర్లా పడుకుని, గడ్డం మంచుకి నాలుగు వేళ్ల ఎత్తున ఉంచి, కొండ మీదనుంచి గంటకి నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో జారే ఆట అది. మా ఊరి పిల్లలకి నడక కన్నా ముందు జారుడు వస్తుందని బయటివాళ్లు వెక్కిరిస్తారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. బండికి ఇంజనుండదు, బ్రేకుండదు. కింద రెండు ఉక్కు బద్దలుంటాయి, అంతే. ఆ బద్దల్ని నునుపు చెయ్యడంలో గుందార్స్‌ని మించినవాడు లేడు.

నేను సర్మీతె. నలభైమూడేళ్లు. నేనూ ఒకప్పుడు జారినదాన్నే. ఇప్పుడు వారమంతా లైబ్రరీలో పుస్తకాలు సర్దుతాను, పోటీలున్న రోజుల్లో ట్రాక్ మీద ఉక్కు వేడి కొలుస్తాను. ఈ ఏడు అంతర్జాతీయ చాంపియన్‌షిప్ మా ఊళ్లోనే. మా పిల్ల దగ్నియ, ఇరవైనాలుగేళ్లది, మూడు పరుగులయ్యేసరికి జర్మనీ అమ్మాయి హైకె కన్నా సెకనులో తొమ్మిది వందో వంతుల ముందుంది. దాని బండి గుందార్స్ చేతిది, ఈ పోటీకి మా జట్టుతో బండి చూసుకోవడానికి వచ్చిందీ అతనే. ఇవాళ నాలుగో పరుగు, ఆఖరిది.

ఉక్కు వేడెక్కితే మంచు మీద ఇంకాస్త జోరుగా జారుతుంది. అందుకని బద్దల్ని వేడి చెయ్యకూడదని నియమం. ఆరంభం దగ్గర మా షెడ్డు చూరుకి, నీడలో, ఓ ఉక్కు ముక్క వేలాడదీస్తాం. గంటసేపు గాలి తగిలాక దాని వేడి ఎంతో చూస్తాం. అంతకన్నా నాలుగు డిగ్రీలు మించి ఎవరి బద్దలూ వేడిగా ఉండకూడదు. ఉంటే ఇంటికే. బతిమాలుకోవడాలు, మొహమాటాలు ఉండవు. నాకీ పని నచ్చిందే అందుకు. మనుషుల్లా కాదు, ఉక్కు ఎంతుంటే అంతే చెబుతుంది.

పొద్దున పని మొదలుపెట్టేముందు ఎప్పటిలాగే కాగితం మీద సంతకం పెట్టాను. పోటీలో ఉన్న జట్లలో ఎవరితోనైనా నాకు చుట్టరికంగానీ, సొంత బంధంగానీ ఉందా అని అడుగుతుంది ఆ కాగితం. 'లేదు' అన్న గడిలో గీత పెట్టాను. నా పక్కన కూర్చుని అంకెలు రాసే ఊర్స్, స్విట్జర్లాండ్ పెద్దాయన, కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ఇంత చిన్న ఊళ్లో ఎవరితోనూ ఏమీ లేదంటే నమ్మమంటావా అమ్మాయ్?"

"చుట్టాలెవరూ లేరు లెండి. మిగిలినవాళ్లతో మాటల్లేవు."

"మాటల్లేకపోవడం కూడా బంధమే. మా ఆవిడా నేనూ ముప్పయ్యేళ్లు అలాగే కాపురం చేశాం."

నవ్వి ఊరుకున్నాను. ఆ కాగితం ఆయన ఫైల్లో పెట్టేదాకా అటు చూడలేదు.

బళ్లని లోపలికి పిలవడానికి కాస్త ముందు, టీ కోసం రస్మ గుడారం దగ్గరికి వెళ్లాను. రస్మ నాతో చదువుకుంది. పోటీలప్పుడు షాజీరా టీ, మాంసం కూరిన వేడి వేడి పీరాగీ రొట్టెలు అమ్ముతుంది. నోటికి మాత్రం ఏ పోటీలోనూ బ్రేకు పడదు.

"ఏమే మహారాణీ, తలుపు తీశావా లేదా?"

"నీకెందుకు?"

"నాకెందుకా? ముప్పావుగంట నిలబడ్డాడటగా! మా ఆయన ముప్పావు నిమిషం నిలబడడు నాకోసం. పోనీ ఆ పూలైనా నాకిస్తే అమ్ముకునేదాన్ని."

"నీ పీరాగిలో ఉప్పెక్కువైంది."

"ఇంకా కొరకనే లేదు, ఉప్పెలా తెలిసిందే నీకు?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎకసెక్కాలు తర్వాత. ఆ గోడ వైపు చూడు ముందు," అంది.

చూశాను. మా షెడ్డు దక్షిణపు గోడకి, బయటివైపు, దగ్నియ బండి ఆనించి ఉంది. కడుపు బయటికి తిప్పి నిలబెట్టారు. బద్దలకి రెండు ఉన్ని తొడుగులు. ముదురు ఎరుపు, నలుపు. వాటిమీద తెల్ల ఉన్నితో సూర్యుడి గుర్తు, ఎనిమిది రేకలతో. ఎడమ తొడుగు మీద ఏడే ఉన్నాయి. ఎనిమిదోది నేనే మర్చిపోయాను, రైలుకి వేళవుతోందన్న తొందరలో.

మాలో ఆడపిల్ల తన చేత్తో అల్లిన చేతితొడుగులు ఇచ్చి, మగవాడు వాటిని అక్కడికక్కడే తొడుక్కుంటే, ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పెళ్లి మాట అయిపోయినట్టే. గుందార్స్ చేతులెప్పుడూ నూనె, ఇనుప రజను. ఇతని చేతులకెందుకులే అని బద్దలకి అల్లాను. స్టేషన్లో ఇచ్చాను. జట్టంతా చూస్తుండగా అక్కడే మూట విప్పి బండికి తొడిగాడు. "ఇదిగో, తొడుక్కున్నాను, అందరూ సాక్ష్యం," అన్నాడు. ప్లాట్‌ఫారం మీద చప్పట్లు కొట్టారు.

ఆస్ట్రియాలో, ఇన్స్‌బ్రుక్‌లో ఒక్క శీతాకాలం పని, వచ్చేస్తానన్నాడు. రెండో శీతాకాలం నన్నే అక్కడికి రమ్మన్నాడు. ఈ ఒక్క పోటీ కానివ్వు అన్నాను. ఆ పోటీలో నాలుగోదాన్నయ్యాను, సెకనులో నాలుగు వందో వంతుల తేడాతో. ఆ సిగ్గుతో ఉత్తరం రాయలేదు. నేను రాయలేదని అతనూ రాయలేదు. అలా, ఆ స్టేషన్ నాటినుంచి లెక్కేస్తే, పదకొండేళ్లు వెళ్లిపోయాయి. తప్పు ఎవరిదంటే ఇద్దరిదీ. ఎక్కువ ఎవరిదంటే నాది.

గోడ దాకా పది అడుగులు కూడా ఉండదు. తొడుగుల అంచులు అరిగిపోయి, నాలుగైదు చోట్ల వేరే రంగు దారంతో కుట్లున్నాయి. వంకరటింకర కుట్లు, మగవాడివి. చిరిగినప్పుడల్లా కూర్చుని కుట్టుకున్నాడన్నమాట. ఆ పరాయి ఊళ్లో, ఏ గదిలో, ఏ కిటికీ పక్కన కూర్చుని కుట్టాడో! నేను ఇక్కడ కర్టెన్లు లాక్కుని బతుకుతుంటే అతను అక్కడ నా ఉన్నికి మాట్లు వేసుకుంటూ బతికాడు. ఒక్కసారి వెళ్లి వాటిమీద చెయ్యి వెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది. వెయ్యలేదు. ఊరంతా చూస్తోంది కదా.

ఉక్కు వేడి కొలవడమే పనిగా పెట్టుకున్నదాన్ని. నల్ల ఉన్ని, ఫిబ్రవరి ఆఖరి ఎండ, తెల్ల గోడ, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే నా గుండె గుభేలుమనాలి. నాకు ఎండ కనిపించనేలేదు. నన్ను మర్చిపోలేదన్నది ఒక్కటే కనిపించింది. రస్మ చేతిలోంచి టీ తీసుకుని, గోడకి వీపు తిప్పి నిలబడి తాగాను. రుచి తెలియలేదు.

ఒంటిగంటకి బళ్లు ఒక్కొక్కటే షెడ్డులోకి వచ్చాయి. చూరు కింది ఉక్కు మైనస్ మూడు పాయింట్ రెండు. అంటే హద్దు ప్లస్ పాయింట్ ఎనిమిది. ముందున్నవాళ్లు చివర జారతారు కాబట్టి దగ్నియ ఆఖరున వచ్చింది. బండి తనే మోసుకొచ్చి బల్ల మీద తిరగేసి పెట్టింది. తొడుగులు లేవు. జట్టు మనుషులు షెడ్డు గడప దాటకూడదు కాబట్టి గుందార్స్ బయటే విప్పేసుకున్నాడు.

"సర్మీతక్కా, తొందరగా కానియ్యి. కూర్చుంటే కాళ్లు వణుకుతున్నాయి, నిలబడితే ఇంకా వణుకుతున్నాయి."

"మనది పడుకునే ఆటేగా. పడుకున్నాక ఆగిపోతాయిలే."

కొలిచే సూది ఎడమ బద్దకి ఆనించాను. అంకె నావైపే కనిపిస్తుంది. నేను చదివితే ఊర్స్ రాస్తాడు. ప్లస్ ఒకటి పాయింట్ ఒకటి.

సూది తుడిచి మళ్లీ ఆనించాను. ఒకటి పాయింట్ ఒకటి. కుడి బద్ద, ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఎండ.

"ఎంత?" అన్నాడు ఊర్స్.

'పాయింట్ ఏడు' అంటే అయిపోయేది. ఆయన రాసుకునేవాడు, పిల్ల పరుగెత్తేది, ఊరు పండగ చేసుకునేది. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా. నేనేమీ సత్యసంధురాల్ని కాను. లైబ్రరీకి పుస్తకాలు ఎప్పుడూ ఆలస్యంగా తెచ్చే ఈ పిల్లకి తేదీలు ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. కానీ ఉక్కు ముందు ఏ రోజూ అబద్ధమాడలేదు. జారడం మానేశాక నాకు మిగిలిన గౌరవం అదొక్కటే.

"ఒకటి పాయింట్ ఒకటి," అన్నాను.

ఊర్స్ కలం ఆగిపోయింది. దగ్నియ మొహంలో రక్తం లేదు.

"ఏంటక్కా? మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశానమ్మా."

"ఎలా అవుతుంది? మేమేం చెయ్యలేదు! ఒట్టు, మేమేం చెయ్యలేదక్కా!"

బయటనుంచి మా కోచ్ గొంతు షెడ్డు రేకులు అదిరేలా వినిపించింది. "సొంత ఊరి పిల్ల నోట్లో మట్టి కొడతావా? నీకు రానిది దానికొస్తుంటే కళ్లు మండుతున్నాయా?" అన్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జ్యూరీ పెద్ద ఇంగ్రిద్ వచ్చింది. నార్వే ఆవిడ, అరవైఏళ్లుంటాయి, ఎవరు అరిచినా కనురెప్ప వేయదు. కోచ్ ఫిర్యాదు రాసిచ్చాడు. "పరుగు తియ్యనివ్వండి. లెక్కలోకి వస్తుందో రాదో కింద తేలుద్దాం," అంది.

దగ్నియ పరుగు నేను చూడలేదు. విన్నాను. మేకుల బూట్లు మంచుని కొరికిన చప్పుడు, బండి మీద ఒళ్లు పడిన చప్పుడు, ఆ తర్వాత ఉక్కు దూరమవుతూ దూరమవుతూ పోయే ఆ సన్నటి రొద. కళ్లు మూసుకున్నాను. నా తల దానంతటదే మొదటి మలుపుకి ఎడమకి వాలింది, రెండోదానికి కుడికి. భుజం దించాను, మోకాలు నొక్కాను. కుర్చీలో కూర్చుని పదహారు మలుపులూ ఆ పిల్లతోపాటు జారాను. ఎన్నేళ్లయినా ఈ యావ చావదు. కిందనుంచి జనం హోరు వచ్చాక కళ్లు తెరిస్తే ఊర్స్ నావైపే చూస్తున్నాడు.

బోర్డు మీద ఫలితాలు పడ్డాయి. నాలుగు పరుగులూ కలిపి దగ్నియ మూడు నిమిషాల ఇరవై ఆరు పాయింట్ నాలుగు ఒకటి. హైకె ఇరవై ఆరు పాయింట్ ఐదు ఎనిమిది. మూడోది కెనడా అమ్మాయి. దగ్నియ పేరు పక్కన, ఇంకా తేలలేదని చెప్పే ఓ చిన్న చుక్క గుర్తుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఐదు నిమిషాలు లోయంతా ఎర్ర తెల్ల జెండాలు, పాటలు. తర్వాత లౌడ్‌స్పీకర్లో మనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. దగ్నియ పేరు పైనుంచి చెరిగిపోయి, అట్టడుగున, అంకెలు లేకుండా వచ్చింది. ఒకటో స్థానం హైకెది. పాటలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరో షెడ్డు కిటికీకి మంచుముద్ద విసిరారు.

అప్పటికి ఒంటిగంటా నలభై. మార్పులేమైనా ఉంటే రెండూ పదిలోగా తేలాలి. ఆ తర్వాత బోర్డు మీద ఉన్నదే శిలాశాసనం.

రెండు కావస్తుండగా గుందార్స్ తలుపు తోసుకుని వచ్చాడు. పోటీ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరైనా రావచ్చు. గడ్డం నెరిసింది. కుడిచేతి చూపుడువేలి గోరు అప్పట్లాగే నల్లగా ఉంది. రెండు చేతుల్లోనూ తొడుగులు. ఊర్స్ తన ఫైలు అవసరం లేకపోయినా సర్దడం మొదలుపెట్టాడు.

"ఈసారి తట్టలేదేం?" అన్నాను.

"తడితే తీస్తావన్న నమ్మకం లేదు." తొడుగులు బల్ల మీద పెట్టాడు. "నీ అంకె తప్పని గొడవ పెట్టుకోవడానికి రాలేదు. అంకె సరైనదే. తప్పు నాది."

"తెలుసు. గోడ దగ్గర చూశాను."

"చూశావా?" అతని మొహం ఒక్కసారి వెలిగింది. ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, ఆ వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. మరుక్షణం అది ఆరిపోయింది. "చూసి కూడా ఊరుకున్నావా? 'ఎండ తగులుతోందిరా గాడిదా' అని ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"నాకు ఎండ కనిపించలేదు."

"నీకా? ఉక్కు వేడి కొలిచేదానివి నువ్వు!"

"ఉక్కుతో బతికేవాడివి నువ్వు. నీకెందుకు కనిపించలేదు?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"తలుపు తియ్యలేదు కదా నువ్వు. ఇంకెలా చెప్పను? టీకి ఆ దారినే వెళతావని రస్మ చెప్పింది. ఇవి నీ కంట పడాలని అక్కడ పెట్టాను. పది నిమిషాలు చాలనుకున్నాను. నువ్వు రావు. ఇదిగో వస్తావు, అదిగో వస్తావు అని గోడ మూల చాటున నిలబడ్డాను. తీరా వచ్చి వీపు తిప్పేశావు. చూశావో లేదో తెలీలేదు. పిలుపు వచ్చేదాకా అలాగే ఉంచేశాను."

"గంట పైనే ఉండుంటాయి."

"ఉంటాయి. నువ్వొచ్చి ఒక్కసారి ముట్టుకుని ఉంటే అప్పుడే తీసేసేవాణ్ణి సర్మీతె."

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ముట్టుకోవాలని ఎంతగా ఉందో ఆ గోడ దగ్గర, అతనికి చెబుదామనుకున్నాను. చెప్పకుండా సూది తుడుస్తూ కూర్చున్నాను. పదకొండేళ్లు ఈ గొంతు వినాలని తపించాను. ఇంట్లో గిన్నెలు కడుగుతూ కూడా ఈ గొంతుతో మాట్లాడాను. తీరా ఎదురుగా కూర్చుంటే ఉక్కు గురించి, ఎండ గురించి మాట్లాడుకుంటున్నాం.

"మీ ఇద్దరిదీ అయిపోయిందా?"

గుమ్మంలో దగ్నియ. హెల్మెట్ చేతిలో ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. వచ్చి తొడుగులు తీసి అటూ ఇటూ తిప్పింది.

"బద్దలకి ఈ పాత గుడ్డలెందుకు బాబాయ్ అని వారంనుంచీ అడుగుతున్నా. అదృష్టం అన్నావు. ఎవరి అదృష్టం? నీదా?" గుందార్స్ తల దించుకున్నాడు. ఆ పిల్ల నావైపు తిరిగింది. "పదహారేళ్లక్కా. ఎనిమిదేళ్లప్పట్నుంచి ఈ ఒక్కరోజు కోసం జారుతున్నా. మీరిద్దరూ మాట్లాడుకోలేక నా బండి మీద ఉత్తరాలు రాసుకున్నారా?"

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇంగ్రిద్ లోపలికి వచ్చి తలుపు వేసింది. చేతిలో పొద్దుటి కాగితం. అందరినీ ఒకసారి చూసి, బల్ల ముందు కూర్చుంది.

"కోచ్ ఫిర్యాదులో ఒక్కటే అడిగాడు. కొలిచినావిడ చేత పొద్దుటి మాట మళ్లీ చెప్పించమన్నాడు. అది నా విధి. సర్మీతెగారూ, లత్వియా జట్టులో ఎవరితోనైనా మీకు సొంత బంధం ఉందా? లేదంటే సంతకం పెట్టండి, మనం భోజనానికి వెళదాం."

"ఉంటే?" అన్నాను.

ఆవిడ కళ్లు నా మొహం మీద ఆగాయి. "ఉంటే మీ కొలత చెల్లదు. కొలవనట్టే. పరుగు లెక్కలోకి వస్తుంది. మీరు ఇక ఎప్పుడూ ఈ షెడ్డులోకి రారు. నాకు ఇష్టమున్నా లేకపోయినా అలాగే రాసుంది."

ఊర్స్ కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. కింద పూలగుత్తి పట్టుకుని హైకె నిలబడి ఉంటుంది. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. నేను చెప్పిన అంకె నిజం, పొద్దున పెట్టిన గీత అబద్ధం. ఇప్పుడు నిజం చెబితే నిజమైన అంకె పోతుంది. ఆఖరి పరుగులో పెరిగిన ఆ ఎనిమిది వందో వంతులు దగ్నియ కాళ్లవో, నా ఉన్నివో ఎవరు తేల్చగలరు? న్యాయం ఎటుందని నన్నడక్కండి, నాకూ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ గీత పెట్టాక నేను ఆ కాగితం వైపు మళ్లీ చూడలేకపోయాను.

పదకొండేళ్లుగా ఊరు అడిగిన ప్రతిసారీ 'అతను నాకేమీ కాడు' అన్నాను. రస్మతో అన్నాను, కోచ్‌తో అన్నాను, అద్దంలో నాతో నేనే అన్నాను. చెప్పగా చెప్పగా నిజమవుతుందనుకున్నాను.

"ఉంది," అన్నాను.

"ఎవరితో?"

"గుందార్స్‌తో."

"ఏమవుతాడు మీకు?"

"ఆ తొడుగులు నేను అల్లాను. అతను తీసుకుని తొడిగాడు, పదిమంది ఎదురుగా. నాకు కాబోయే మొగుడు. పదకొండేళ్లుగా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దగ్నియ చేతిలో హెల్మెట్ జారి నేల మీద దొర్లింది. ఎవరూ తీయలేదు. ఇంగ్రిద్ మాట మాట అచ్చు అలాగే రాసుకుంది. తర్వాత కాగితాన్ని బల్ల మీద తిప్పి గుందార్స్ వైపు జరిపింది.

"బంధమంటే ఇద్దరిది. ఒకరి మాట చాలదు. ఇది నిజమని మీరూ సంతకం పెట్టాలి. లేకపోతే సొంత ఊరి పిల్లని గెలిపించడానికి ఆవిడ అల్లిన మాట కింద కొట్టేస్తాను. రెండూ ఆరయింది. నాలుగు నిమిషాలుంది."

"పెట్టు బాబాయ్," అంది దగ్నియ. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

గుందార్స్ కలం తీసుకున్నాడు. కాగితం వైపు చూడలేదు. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూశాడు. నేనూ చూపు తిప్పుకోలేదు.

"ఒక్కటి చెప్పు సర్మీతె. ఈ మాట ఈ పిల్ల కోసం అన్నావా, నాకోసం అన్నావా? నాకోసమైతే వంద సంతకాలు పెడతాను. పిల్ల కోసమైతే పెట్టను. దానికి చేసిన పాపం నన్ను చచ్చేదాకా తినేసినా సరే, పెట్టను. ఇంకో పదకొండేళ్లు ఆగమను, ఆగుతాను. కానీ అబద్ధానికి నిన్ను చేసుకోను."

గోడ మీద గడియారం ముల్లు కదిలింది. రెండూ ఏడు. గదిలో నలుగురూ నా నోటివైపే చూస్తున్నారు.